గుడ్డిచేపల గోడ

ముత్యాలయ్య జాలరి ఇంట పుట్టినా పడవెక్కితే వాంతి చేసుకునేవాడు. ఇదీ ఒక విషయమేనా అని మీరనుకోవచ్చు. కోట అనే ఊరికి తూర్పున సముద్రం ఒడ్డునున్న ఆ పాలెంలో మాత్రం దీన్ని మించిన విషయం లేదు. పన్నెండో ఏట తండ్రి మొదటిసారి పడవెక్కించాడు. ఒడ్డు కనబడుతుండగానే పిల్లవాడు పేగులు బయటికొచ్చేట్టు కక్కాడు. నిమ్మకాయ వాసన చూపించారు, గంగమ్మకు మొక్కారు, మూడుసార్లు చూశారు. ఆఖరికి తండ్రే చేతులెత్తేశాడు. వీడు నేల మనిషిరా అని పాలెం తీర్పు చెప్పేసింది. చేపపిల్లకు ఈత నేర్పాలా అంటారు. ఆ సామెత ముత్యాలయ్య దగ్గరికొచ్చి పరువు పోగొట్టుకుంది.

నేల మనిషికి పాలెంలో మిగిలింది రంగుల డబ్బా. పడవలకు రంగులేసే ముసలాయన ఒకడుంటే ఆయన దగ్గర చేరాడు. చెయ్యి తిరిగింది. నలభై ఐదేళ్ళు ఆ చుట్టుపక్కల పాలేలన్నిటిలో పడవల మీద పేర్లు, పూలు, నెమళ్ళు, చేపలు ఆయన చేతి మీదుగానే వెలిశాయి. చందువ గీస్తే బేరమాడబుద్ధయ్యేది. వంజరం గీస్తే చెయ్యి పెట్టి నిగనిగ తడిమి చూసేవాళ్ళు.

అయితే పడవ మీది చేపకు ఆయన కన్ను పెట్టేవాడు కాదు. అది అక్కడి ఆనవాయితీ. రంగులేసేవాడు చేపనంతా పూర్తిచేసి, కన్ను చోటు తెల్లగా వదిలేసి, బ్రష్షు కడుక్కుని పక్కకు జరుగుతాడు. పడవ ఎవరిదో వాళ్ళింటి మనిషి వచ్చి ఉంగరపు వేలితో నల్లచుక్క పెట్టాలి. అప్పుడే పడవకు చూపు వచ్చినట్టు, నీళ్ళలోకి తొయ్యచ్చు. దానికి పిలుపు ఉండదు. కన్నుకు రండమ్మా అని రంగులేసినవాడు పిలవకూడదు. ఎవరిదో వాళ్ళకే తెలియాలి, వాళ్ళే రావాలి. ముత్యాలయ్యకు సొంత పడవ ఏనాడూ లేదు. అందుకని వందల చేపలు గీసిన ఆ మనిషి జన్మలో ఒక్క కన్ను కూడా పెట్టి ఎరగడు.

తర్వాత ఫైబర్ పడవలొచ్చాయి. రంగు కంపెనీలోనే పడిపోతుంది, పేరు స్టిక్కరై వస్తుంది, చేప కళ్ళతో సహా అచ్చయి వస్తుంది. భార్య పేరమ్మ కూడా పోయాక, కూతురు సుభాషిణి వచ్చి, ఒక్కడివే ఉండి ఏం చేస్తావని గూడూరు తీసుకొచ్చింది. అల్లుడు పెంచల్ ఆటో నడుపుతాడు, మంచివాడు. ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా ముత్యాలయ్య తన గుడ్డలు తను తెచ్చుకున్న రేకు పెట్టెలోనే ఉంచుకున్నాడు. అల్మరాలో చోటు చేసినా పెట్టలేదు. రెండేళ్ళయినా ఆ పెట్టె వాకిలి పక్కనే, రేపు బస్సెక్కేవాడి పెట్టెలాగా ఉంది. మాట్లాడితే "మీ ఊళ్ళో ఎండెక్కువ", "మీ వీధిలో కుక్కలెక్కువ" అనేవాడు. ఆ 'మీ' అన్న మాట విన్నప్పుడల్లా సుభాషిణి చూపు ఆ పెట్టె మీదికి పోయేది.

వీధి గురించి చెప్పాలి. స్టేషనుకు, నిమ్మకాయల మార్కెట్టుకు మధ్య ఉంటుంది. ఉన్న ముప్పై గుమ్మాల్లో ఎవరు ఎక్కణ్ణించి వచ్చారో వాళ్ళకే సరిగా గుర్తులేదు. రైల్వేలో చేసి రిటైరైన సమాధానం ఇంట్లో ఆదివారం పాటలు, కుట్టుమిషను మీరాబీ ఇంట్లో రంజాన్‌కు గంజి, అరవం తెలుగు కలిపి తిట్టే ఇడ్లీ బండావిడ. మార్కెట్టుకు నిమ్మకాయల బండి తోలే మస్తానయ్యది మస్తాన్ స్వామి పేరు, నుదుట విభూతి, మొలకు తాయెత్తు. నీదే మతమని ఎవరైనా అడిగితే, నిమ్మకాయల మతం అంటాడు. అందరూ అందరికీ తెలుసు. అయినా ఎవరి గుమ్మం వాళ్ళదే.

ఆ గుమ్మాలకు ఎదురుగా, వీధి పొడుగునా ఒకటే గోడ. ఒకప్పుడు మైకా షెడ్డుది. షెడ్డు మూతపడింది, కప్పు కూలింది, స్థలం మునిసిపాలిటీకి పోయింది, గోడ మిగిలింది. మునిసిపాలిటీ గోడంటే ఎవరిదీ కాని గోడ. దాని మీద పోస్టర్లు, దాని మొదట్లో చెత్త, ఇక మగవాళ్ళు దాని వైపు తిరిగి నిలబడి చేసే పని నేను రాయక్కర్లేదు.

ఆ గోడ కోసం వార్డు సచివాలయం నుంచి సుకుమార్ వచ్చాడు. కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ, నోట్లో 'ప్రజల భాగస్వామ్యం' అన్న మాట కిళ్ళీలాగా నానుతూ ఉంటుంది. గోడకు బొమ్మలు వేయించాలట. వీధి వాళ్ళు తలా ఒక చెయ్యి వేయాలట. నెలాఖరుకు పైనుంచి చూసేవాళ్ళొస్తారు. ఆలోగా జనం చెయ్యి పడితే గోడ వీధికే వదిలేస్తారు, పడకపోతే ఓ ప్రైవేటు కాలేజీ ర్యాంకుల ఫొటోలకు అద్దెకిచ్చేస్తారు. పాలెం పెద్దాయన ఒకడు రంగులేస్తాడని ఎవరో చెబితే ముత్యాలయ్య దగ్గరికొచ్చాడు.

"ప్రజల భాగస్వామ్యం అంటే ఏందయ్యా?" అని ముత్యాలయ్య అడిగాడు.

"గోడ మాది అనుకోని అందురూ వచ్చి ఒక చెయ్యేసేది పెద్దాయనా."

"ఓ, కన్ను పెట్టేదా!" అన్నాడు ముత్యాలయ్య. సుకుమార్‌కు అర్థం కాలేదు. అయినా ప్రభుత్వోద్యోగి గనక తలూపాడు.

మొదటి ఆదివారం సుకుమార్ అందరినీ పిలిచాడు. వచ్చారు, పాపం. టీలు తాగారు, బ్రష్షులు పట్టుకున్నారు, ఫొటో దిగారు. ఫొటో అయ్యాక బ్రష్షులు ఎవరికివ్వాలో తెలియక సమాధానం ఇంటి అరుగు మీద వరసగా పెట్టి, ఎండెక్కిందని వెళ్ళిపోయారు. ఫొటోలోకి భాగస్వామ్యం వచ్చింది, గోడ మీదికి రాలేదు.

మర్నాడు పొద్దున ముత్యాలయ్య ఒక్కడే లుంగీ ఎగ్గట్టుకుని దిగాడు. రేకుతో పోస్టర్లు గీకాడు. నీళ్ళు పోసి కడిగాడు, ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ కడిగాడు. సున్నం రెండు పూతలు పూశాడు. దారానికి నీలిపొడి రాసి గీతలు కొట్టి, చేపలు గీయడం మొదలుపెట్టాడు. చందువలు, వంజరాలు, మడవలు, కానాగంతలు, గుంపులు గుంపులుగా, గోడ ఈ చివరి నుంచి ఆ చివరికి. పద్దెనిమిది రోజులు. రెండేళ్ళుగా మంచం మీద గోడకు తిరిగి పడుకున్న మనిషి, ఆ పద్దెనిమిది రోజులూ ఆకలేసి అన్నం అడిగి తిన్నాడు. సుభాషిణి అది చూసి దేవుడికి దీపం పెట్టింది. ఈ గోడ కాలేజీ ఫొటోలకు పోతే నాయన మళ్ళీ మంచమెక్కుతాడనీ, ఈసారి దిగడనీ ఆమెకు భయం. ఆ భయం దీపంతో పోయేది కాదు.

చేపలన్నీ అయ్యాయి. మొత్తం నూట నలభై. ఒక్కదానికీ కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట తెల్లటి గుండ్రం వదిలి, ముత్యాలయ్య బ్రష్షులు కడిగి ఎండబెట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇక వస్తారు కదా అని ఆయన ధీమా.

ఎవరూ రాలేదు. పోయేవాళ్ళు పోతూ చూశారు, వచ్చేవాళ్ళు వస్తూ చూశారు. ఇంత బాగా వేసినవాడు కళ్ళెందుకు వదిలేశాడో ఎవరికీ అంతుపట్టలేదు. రంగు అయిపోయిందని ఒకరు, ముసలాయనకు చూపు ఆనడం లేదని ఒకరు. మూడో రోజుకు మార్కెట్టు హమాలీలు దానికి గుడ్డిచేపల గోడ అని పేరు పెట్టేశారు. గుడ్డిచేపల కాడ దింపమంటే పెంచల్‌కే ఆటో ఎక్కడాపాలో తెలిసిపోయేది. పొద్దున్నే లేచి గుడ్డివాటి మొహం చూడాల్సొస్తోందని ఇడ్లీ బండావిడ రెండు భాషల్లోనూ సణిగింది.

సుకుమార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. చూసేవాళ్ళు రావడానికి ఇంకా నాలుగు రోజులే.

"నల్లచుక్కే గదా పెద్దాయనా. టకటకా పెట్టేస్తే పనైపోద్ది."

"పెట్టడం రాక కాదయ్యా. అవి నావి కాదు."

కుర్రవాడు బతిమాలాడు, కోప్పడ్డాడు, మళ్ళీ బతిమాలాడు. ముత్యాలయ్య కదల్లేదు. ఉడుంపట్టు మనిషి. ఆ సాయంత్రం సుభాషిణి కూడా తండ్రి మీద విరుచుకుపడింది. తను వీధంతా కనుక్కొచ్చింది. అందరికీ చెయ్యి వేయాలనే ఉంది. మస్తానయ్య అయితే ఏ చేపకు పెట్టాలో కూడా చూసుకుని ఉన్నాడు. కానీ పెద్దాయన తను ఒక్కడే వేసుకున్నాడు, మమ్మల్ని ఒక మాటన్నా పిలవలేదు, పిలవని పేరంటానికి మేమెట్టా పోయేది అంటున్నారు.

"నువ్వుపోయి ఒక మాట పిలిస్తే నీ సొమ్మేం పోద్ది నాయనా?" అంది.

ముత్యాలయ్య ఆరిన బ్రష్షులు డబ్బాలో సర్దాడు. తర్వాత మెల్లిగా అన్నాడు.

"పిలిస్తే వొచ్చేది చుట్టం పాపా. పిలవకుండా వొచ్చేదే ఇంటి మనిషి. చుట్టాల చేత కన్ను పెట్టిస్తే ఆ పడవ ఒడ్డునే చివికిపోద్ది. చూసినాను నేను."

తండ్రిది మూర్ఖత్వమని కొట్టిపారేద్దామంటే సుభాషిణికి ఆ మాట నిజమనిపించింది. నిజమని ఊరుకుందామంటే గోడ పోతుంది. ఈయన పిలవడు, వాళ్ళు పిలవంది రారు. ఎవరి మర్యాద వాళ్ళు పట్టుకుని కూర్చుంటే కొంప మునిగేది ఇలాగే.

రెండు రోజులు అట్లాగే పోయాయి. మూడో రోజు పొద్దున, మార్కెట్టుకు నిమ్మకాయల బండ్లు వస్తున్న వేళ, వీధి ఆ చివరింటి వెంకటశేషమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. వేళ్ళ చివర్లు అరిగి నున్నగా ఉంటాయి. ఆధార్ కార్డు దగ్గర మిషను ఆమె వేలిముద్ర పట్టలేక ముప్పుతిప్పలు పడిందని చెబుతారు. కళ్ళు లేని చేపలను ఆ చివరినుంచి ఈ చివరికి చూసుకుంటూ వచ్చి, ముత్యాలయ్య కుర్చీ ముందు ఆగింది.

"ఏం అబ్బయ్యా, కళ్ళకు రంగు చాల్లేదా?"

"రంగుండాది అక్కా."

"మరేందంట?"

అడిగినదానికి జవాబు చెబితే పిలిచినట్టు కాదు కదా. ముత్యాలయ్య మనసులో ఒకసారి తూచుకుని చెప్పాడు. "ఆ గోడ ఎవురిదో వాళ్ళొచ్చి పెట్టాల. ఎవురిదో నాకేం తెలుసు? నేను మీ వీధికి కొత్త."

వెంకటశేషమ్మ వెనక్కి తిరిగి గోడను చూసింది. అదేదో ఆ రోజే కట్టినట్టు చూసింది. పన్నెండేళ్ళప్పుడు తల్లి వెంట ఆ షెడ్డులోకి వెళ్ళిన పిల్ల. చిన్న కత్తితో మైకా పొరలు చీల్చే పని. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా ఆ గోడకే వీపు ఆనించి కూర్చునేది. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, మొగుడు పోయాడు. షెడ్డు మూసేదాకా ఆ చోటు మారలేదు. అవతల పక్క కూర్చున్నంత కాలం ఇవతల పక్క ఎలా ఉంటుందో పట్టించుకోలేదు. ఇవతలికి వచ్చాక అవతల పక్క తన వీపు ఉండేదన్న సంగతే మరిచిపోయింది.

"ముప్పై నాలుగేండ్లు నా ఈపు రాసినాను ఆ గోడకి. నాది కాకపోతే ఇంకెవురిది?" అంది. ముత్యాలయ్యతో కాదు, తనతోనే అనుకున్నట్టు.

ఇంట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పటికి చేతిలో ఒక పాత గుడ్డమూట, ఒక చిన్న కత్తి. మూటలో అరచేయంత మైకా బిళ్ళ. షెడ్డు మూసిన రోజు చెత్తలోంచి ఏరుకున్నదట. ఆఫీసుల్లో దాన్ని మైకా అన్నారు, పుస్తకాల్లో అభ్రకం అన్నారు, ఆమె మాత్రం కాకిబంగారం అంది. వీధి మధ్యలో గొంతుక్కూర్చుని, కత్తి మొనను బిళ్ళ అంచులో పెట్టి అట్లా తిప్పింది. ఉల్లిపొర కంటే పలచటి రేకు ఊడొచ్చింది. పాతికేళ్ళు కత్తి పట్టని చెయ్యి ఒక్కసారి కూడా తడబడలేదు. గుండ్రంగా కత్తిరించి, ముత్యాలయ్య వార్నీషు డబ్బాలో వేలు ముంచి, పెద్ద చందువ కంటికి అంటించి, నడిమధ్యన నల్లచుక్క పెట్టింది.

నిమ్మకాయల బండి మీదుగా ఎండ పడి ఆ కన్ను తళుక్కుమంది. బండి మీదున్న మస్తానయ్య పగ్గాలు వదిలేసి దిగాడు.

"ఏందిమే అక్కా, నువ్వు పెట్టేస్తుండావే?"

"నా గోడ, పెట్టుకుంటుండా. నీకేంది నొప్పి?"

ఆ మాట మస్తానయ్యకు ఎక్కడో తగిలింది. నీ గోడేంటి, ఇరవై యేళ్ళుగా నా బండి కట్టేది దీని నీడలోనే అన్నాడు. ఆ గొడవకు మీరాబీ మిషను ఆపి వచ్చింది. నీళ్ళ ట్యాంకరు కోసం తెల్లారుజామున ఈ గోడకు ఆనుకునే తను సగం జీవితం నిలబడిందట, బిందె పెట్టిన గుర్తు కూడా చూపించగలదట. సమాధానం కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు. ఒక యేడు తుపానుకు మోకాలి లోతు నీళ్ళొస్తే, కాలవ ఏదో దారి ఏదో తెలియని చీకట్లో, భార్యను ఈ గోడ పట్టించి నడిపించుకుని ఆసుపత్రికి చేర్చాడు. అది చెప్పి, ఆ రోజు పట్టుకున్న చోటే గోడ మీద చెయ్యి ఆనించాడు. ఎవరూ ఆయనతో వాదించలేదు.

అరగంటలో వీధంతా గోడ దగ్గరే ఉంది. ఎవరిదో తెలియని గోడకు అంతమంది సొంతదార్లు ఎక్కణ్ణించి పుట్టుకొచ్చారో ముత్యాలయ్యకు అర్థం కాలేదు. గంగులయ్య అనే ఆయన కూడా ముందుకొచ్చి, పదేళ్ళుగా రోజూ ఈ గోడ దగ్గరికి రెండుసార్లు వస్తున్నాను, నాకూ హక్కుంది అన్నాడు. ఆయన ఎందుకు వచ్చేవాడో అందరికీ తెలుసు. ముందు పోయి చేతులు కడుక్కుని రమ్మని మీరాబీ పంపించింది. కడుక్కుని వచ్చాడు. ఆయనకూ ఒక కానాగంత ఇచ్చారు. ఆ తర్వాత ఆయన అటు తిరిగి నిలబడ్డది లేదు, వేరొకరిని నిలబడనిచ్చిందీ లేదు.

వెంకటశేషమ్మ రేకులు తీస్తూనే ఉంది. కాకిబంగారం చుట్టూ పిల్లలు, ఆడవాళ్ళు, హమాలీలు. ఫలానా వంజరం నాదంటే నాదని కీచులాటలు. సుకుమార్ వచ్చి ఫొటో తీద్దామంటే ఒక్కరూ ఇటు తిరగలేదు. ముత్యాలయ్య కుర్చీలోంచి లేవలేదు. ఎవరు అడిగితే వాళ్ళకు వార్నీషు ఎంత పూయాలో చెబుతూ, మధ్యమధ్య పై పంచెతో మొహం తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడుచుకునేది చెమట ఒక్కటే కాదని సుభాషిణి చూసింది.

సాయంత్రానికి నూట ముప్పై తొమ్మిది చేపలకు చూపు వచ్చింది. ఒక్కటి మిగిలింది. సుభాషిణి ఇంటికి ఎదురుగా, గోడ మొదట్లో ఉన్న చిన్న మడవ. మరిచిపోయారనుకుని సుకుమార్ వేలు ముంచబోతే, వెంకటశేషమ్మ కర్రతో ఆ చేతి మీద ఒకటి వేసింది.

"అది ఇంకొకరిది."

"ఎవరిదవ్వా? పిలుచుకోనొస్తా."

"పిలవగూడదంట," అంది ఆమె. అని, ఆఖరి రేకు వార్నీషు డబ్బా మూత మీద పెట్టి, ఆ మూతను మడవ కింద గోడ వారన ఉంచి, కర్ర పుచ్చుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు తప్పుకున్నారు.

ముత్యాలయ్య చూశాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. నలభై ఐదేళ్ళు కన్ను వదిలేసి పక్కకు జరిగిన మనిషి. పాలెంలో పడవ లేదు, సముద్రం తనను ఉంచుకోలేదు. ఇక్కడ కూతురి ఇల్లు, అల్లుడి అన్నం, పరాయి వీధి. ఇవ్వాళ తనకంటూ ఒక కన్ను గోడ వారన పెట్టి, పిలవకుండా వదిలిపోయారు. పిలిచి ఉంటే వద్దని చెప్పడం ఎంతో తేలిక. పిలవనప్పుడు ఎవరికని వద్దని చెప్పగలడు? సుభాషిణి తెచ్చిపెట్టిన టీ చల్లారి మీగడ కట్టింది. పో నాయనా అందామని ఆమె నోటిదాకా వచ్చింది. అంటే అది పిలుపవుతుందని నాలుక కరుచుకుంది.

పొద్దు వాలుతుండగా ముత్యాలయ్య లేచాడు. వీధి దాటాడు. ఆ క్షణాన వీధిలో ఎవరూ ఆయన వైపు చూడటం లేదు. మస్తానయ్య విప్పేసిన తాడునే మళ్ళీ విప్పుతున్నాడు. మీరాబీ దారం లేని మిషను తొక్కుతోంది. గోడ ముందు గొంతుక్కూర్చుని, ఉంగరపు వేలు వార్నీషులో ముంచాడు. వందల చేపలు గీసిన ఆ చేతికి ఇది మొదటి కన్ను. రేకు కాస్త వంకరగా అంటుకుంది. నల్లచుక్క కూడా కొంచెం పక్కకు పడింది. ఆ గోడ మీద మెల్లకన్ను చేప అదొక్కటే. అది వేసింది మాత్రం ఆ గోడంతటిలో అందరికంటే మంచి పనివాడు.

మర్నాడు చూసేవాళ్ళు వచ్చారు. వాళ్ళు వీధులకిచ్చిన ర్యాంకు సంగతి అడగకండి, అందులో మన వీధి ఎక్కడుందో వెతకడానికి సుకుమార్‌కే రెండు రోజులు పట్టింది. కాలేజీ వాళ్ళ ఫొటోలు మాత్రం వేరే గోడ చూసుకున్నాయి. వచ్చినవాళ్ళలో ఒక మేడమ్ గోడ పొడుగునా నడిచి, ఎండలో ఒక్కొక్క కన్నూ వెలుగుతుంటే ఆగి ఆగి చూసి, చివర్న గుమ్మంలో నిలబడ్డ ముసలాయన్ని అడిగింది.

"ఈ గోడ ఎవరిదండీ? మునిసిపాలిటీదేనా?"

సుకుమార్ నోరు తెరవబోయాడు. అంతలోనే ముత్యాలయ్య చెప్పాడు.

"మాదమ్మా."

తలుపు వెనకున్న సుభాషిణి విన్నది. మాట్లాడకుండా లోపలికి వెళ్ళి, వాకిలి పక్కనున్న రేకు పెట్టె తెరిచి, నాయన చొక్కాలూ లుంగీలూ ఒక్కొక్కటే దులిపి అల్మరాలో పెట్టింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చి ముత్యాలయ్య అది చూశాడు. చూసి, పప్పులోకి ఊరగాయ వెయ్యమన్నాడు.